పాలు పొంగిన ఇల్లు

వెంకటరమణమూర్తి ఆ ఉదయానికి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. సూర్యుడు రాకముందే కొత్తింటి తాళం తీయాలి. పాలు పొంగించాలి. పరమాన్నం తినాలి. హైదరాబాదు నుంచి సామాను లారీ వస్తే దింపించుకోవాలి. ఆ తర్వాత తలుపు వేసుకుని, మళ్ళీ ఈ జన్మలో ఎవరికీ తీయకూడదు.

చివరి అంశం ఆయనకి ప్రాణం. సగం జీవితం ఆయన హైదరాబాదులో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో గడిపాడు. నాలుగో అంతస్తువాళ్ళు ఏ వేళప్పుడు ఏం దంచేవారో ఆయనకి చివరిదాకా తెలియలేదు గానీ, దంచడం మాత్రం మానలేదు. నీళ్ళ ట్యాంకరు కోసం ఒకడు, బండి అడ్డం తీయమని ఒకడు, వినాయకుడి చందాకి ఒకడు, ఊరికే ఒకడు తలుపు కొట్టేవాళ్ళు. అందుకే స్టీలు ఫర్నిచరు షాపులో లెక్కలు రాసే ఉద్యోగం అయిపోగానే, పుట్టి పెరిగిన అనకాపల్లికి అవతల, కొండకర్ల వైపు పోయే రోడ్డులో, చుట్టూ చెరుకు తోటలున్న కొత్త కాలనీలో ఇల్లు కొన్నాడు. చెరుకు తోట తలుపు కొట్టదు కదా అని ఆయన ధైర్యం.

ఆయన భార్య కన్యకాపరమేశ్వరికి ఈ ధైర్యం లేదు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ సికింద్రాబాదు. చెల్లెలు అక్కడ, భజన బృందం అక్కడ, గాజుల కొట్టు అక్కడ. చివరికి ఆవిడ ఒక షరతు మీద బయల్దేరింది.

"పాలు తూర్పుకి పొంగితే ఉంటాను. ఇంకెటు పొంగినా, ఏ చిన్న ఆటంకం వచ్చినా, మర్నాటి బండికి మా చెల్లెలింటికి వెళ్ళిపోతాను. మీరు ఆ చెరుకు చూసుకుంటూ కూర్చోండి."

ఊరికే అనే మనిషి కాదు. స్టేషనుకి స్వయంగా వెళ్ళి తిరుగు టికెట్టు తీసుకుని, మడిచి హ్యాండుబ్యాగులో పెట్టుకునే రైలెక్కింది. దారంతా మూర్తి ఆ హ్యాండుబ్యాగు వైపు చూస్తూనే ఉన్నాడు. ఒంటరిగా ఉండాలని ఆయనకి లేదు. ఆవిడతోనే, ఇంకెవరూ లేకుండా ఉండాలని ఉంది. అంత చిన్న కోరిక.

రాత్రి ఊళ్ళో లాడ్జిలో పడుకుని, చీకటి ఉండగానే ఆటోలో కాలనీకి వచ్చారు. లోపల ఇంకా రోడ్డు వేయలేదని ఆటోవాడు ఆర్చి దగ్గరే దింపేశాడు. మాఘమాసం మంచు. ఎదుటి మనిషి కనిపించడంలేదు. వీధి దీపాలు స్తంభాల మీద ఉన్నాయి గానీ వెలగడం ఇంకా మొదలుపెట్టలేదు. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, ఒకే మీగడ రంగులో, ఒకే గేటుతో నిలబడి ఉన్నాయి. నంబర్లు ఇంకా రాయలేదు.

"మన ఇల్లు ఏదో తెలుసా మీకు?" అంది పరమేశ్వరి, పాలగిన్నె గుండెకి హత్తుకుని.

"నా ఇల్లు నాకు తెలీదా? గేటు ముందు కంకర గుట్ట ఉంటుంది" అన్నాడు మూర్తి.

కంకర గుట్ట ఉంది. మూర్తి తాళంచెవి పెట్టి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. పరమేశ్వరి కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళింది. ఫ్లాట్లలో అలవాటైన పద్ధతి ప్రకారం ఇత్తడి ఆవుబొమ్మని ముందు గడప దాటించింది. దీపం వెలిగించింది. చిన్న గ్యాసు పొయ్యి మీద గిన్నె పెట్టి, ఊపిరి బిగబట్టింది. మూర్తి అంతకంటే ఎక్కువ బిగబట్టాడు.

పాలు లేచాయి. అంచు దాకా వచ్చి, కాసేపు ఆలోచించి, సరిగ్గా తూర్పుకి జారాయి.

"ఏవండీ! చూశారా? గీత గీసినట్టు తూర్పుకే!" అని పరమేశ్వరి కళ్ళు తుడుచుకుంది. హ్యాండుబ్యాగులోంచి టికెట్టు తీసి ఆయన లాల్చీ జేబులో పెట్టింది. "మీ దగ్గరే ఉంచండి. ఇంకెందుకు నాకు? ఇదే నా ఇల్లు."

మూర్తి జీవితంలో అంత ఆనందం ఎప్పుడూ చూడలేదు. అది కాసేపే ఉంది.

కొంచెం వెలుతురు రాగానే ఆయన చెంబుతో నీళ్ళు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. పోయిన నెల వచ్చినప్పుడు అక్కడ తన చేత్తో కరివేపాకు మొక్క నాటాడు. ఇప్పుడు మొక్క లేదు. ఎవరు పీకేశారబ్బా అని అటూ ఇటూ చూస్తే, నడుము ఎత్తు గోడకి అవతల, పక్కింటి పెరట్లో, ఆయన కట్టిన ఎర్ర రిబ్బనుతో సహా నవనవలాడుతూ కనిపించింది. మూర్తి మొక్కని చూశాడు. గోడని చూశాడు. పక్క నుంచి వీధిలోకి వెళ్ళి తొంగిచూశాడు. తన ఇంటి ముందు కంకర గుట్ట ఉండే చోట దాని తాలూకు మచ్చ ఉంది. గుట్టని ఎవరో ఎత్తి పక్కింటి ముందు పోశారు.

చెంబు చేతిలోంచి జారిపోయింది. తను పాలు పొంగించింది పరాయివాళ్ళ ఇంట్లో. అపార్టుమెంటు వదిలి ఇంత దూరం వచ్చి, మొట్టమొదటగా తనే ఒకరి తలుపు తీసుకుని లోపలికి దూరాడు. ఈ మాట చెబితే పరమేశ్వరి ఏమంటుందో ఆయనకి తెలుసు. ఆవిడ ఏమీ అనదు. టికెట్టు అడుగుతుంది.

ఎవరూ చూడకముందే ఏదో ఒక వంక చెప్పి ఆవిడని పక్కింట్లోకి నడిపిద్దామని అనుకుంటూండగానే, గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులో ఒక తెల్లావు, ఒక దూడ, గంపలు, బెల్లం దిమ్మలు, వాటి మధ్య ఏడ్చి ఏడ్చి మొహం వాచిన ఒక ఆడమనిషి ఉన్నారు. ముందు సీట్లోంచి పంచె ఎగ్గట్టిన భారీ మనిషి దిగాడు. మాకవరపాలెం దగ్గర చెరుకు రైతు. పేరు సూర్యనారాయణ.

"ఎవరు బాబూ మీరు? మా ఇంట్లో దీపం ఎలుగుతంది, ఏటి?" అన్నాడు.

మంచి ముహూర్తం ఒక్కటే ఉంటే ఊరందరికీ అదే ముహూర్తం. ఇది మూర్తికి ముందే తట్టాల్సింది. వెనక వంటింట్లో పరమేశ్వరి లక్ష్మి మీద పాట పాడుతోంది. ఆ గొంతు వింటూ మూర్తి, కంగారులో చిన్ననాటి యాస తన్నుకొస్తుండగా, నోటికి వచ్చింది అనేశాడు.

"మేం పక్కింటోళ్ళమండి. మీరు ముహూర్తానికి అందుకోలేదు కదా... మంచి గడియ ఊరికే పోతాదని... తలుపు తీసే ఉంటే... మీ పేరున మేమే పాలు పొంగించేసేం."

సూర్యనారాయణ ఒకసారి ఇంటి వైపు, ఒకసారి మూర్తి వైపు చూశాడు. తర్వాత ఆయన మీసాలు వణికాయి.

"ఒలే కొండమ్మా! దిగే! ముహూర్తం దాటిపోలేదే! చెరుకు లారీ అడ్డంగా నిలబడిపోయి మనం అక్కడ ఏడుత్తంటే, ఈ బాబు ఇక్కడ మన పేరున పాలు పొంగించేసేడే!"

ఆయన భార్య అప్పలకొండమ్మ ట్రాలీ మీంచి ఒక్క ఉదుటున దిగి, చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎటుకి పొంగినాయి బాబూ?"

"తూర్పుకి" అన్నాడు మూర్తి. ఆ ఉదయం ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

సూర్యనారాయణ ఆయన్ని అమాంతం కౌగిలించుకున్నాడు. "సొంత తమ్ముడు కూడా సేయడు ఈ పని. ఇయ్యాల్టి నుంచి నువ్వు బాబుగారివి కాదు, నాకు బావవి!"

మూర్తి ఆ కౌగిట్లోంచి బయటపడి వంటింట్లోకి పరిగెత్తాడు.

"ఎవరండీ వచ్చింది?" అంది పరమేశ్వరి.

"మన పక్కింటివాళ్ళు. భోజనానికి పిలిచాను."

"నాతో చెప్పనే లేదు! అదేంటి, ఆవు కూడా ఉంది?"

"గోప్రవేశానికి. బొమ్మతో ఏం బాగుంటుందని... నీకు చెప్పకుండా ఏర్పాటు చేశాను."

పరమేశ్వరి ఆయన వైపు చూసిన చూపు, పెళ్ళయిన కొత్తలో కూడా చూసింది కాదు. ఎవరైనా తనని మోసగాడని తిడితే బాగుండునని మూర్తికి అనిపించింది.

ఆవు పేరు లచ్చి. నున్నటి టైల్స్ మీద జారుతూ జారుతూ హాల్లోకి వచ్చి, నలువైపులా చూసి, మధ్యలో పేడ వేసింది. అప్పలకొండమ్మ తన ఇంటికి శుభం జరిగిందని చేతులు జోడించింది. పరమేశ్వరి తన ఇంటికి శుభం జరిగిందని చేతులు జోడించింది. మూర్తి గోడకి ఆనుకున్నాడు.

"రండి వదినగారూ, మొహమాటపడకండి. మీ ఇల్లే అనుకోండి" అంది పరమేశ్వరి.

"అనుకోడమేటమ్మా! మరెవరిల్లు?" అని అప్పలకొండమ్మ నవ్వి, నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యిని కిటికీ వైపు తిప్పింది. ఉప్పు జాడీ మూల మార్చింది. తను తెచ్చిన గంపలు గూట్లో సర్దడం మొదలుపెట్టింది.

పరమేశ్వరి భర్తని పక్కకి పిలిచింది. "ఏవండీ, ఆవిడ మన కోసం ఎన్ని తెచ్చిందో చూశారా? సర్దిపెడుతోంది కూడా. ఎంత మంచివాళ్ళండీ!"

అటుపక్క అప్పలకొండమ్మ తన భర్త చెవిలో అంటోంది. "ఆయమ్మ మంచిదేగానీ, ఎంతసేపుంటాదేటి? నా వంటింట్లో నన్ను గరిటె ముట్టుకోనియ్యదు. పరమాన్నం తనే ఒండేసింది, తనే ఒడ్డిత్తానంతంది."

"ఉండనియ్యే. మన పేరున పొంగించిన సెయ్యది" అన్నాడు సూర్యనారాయణ.

మూర్తికి రెండూ వినిపించాయి. ఆయన ఆశల్లా ఒక్కటే. భోజనాలు కానిచ్చి, సూర్యనారాయణ దంపతులని కాలనీ చూసి రమ్మని పంపించి, ఈలోగా పరమేశ్వరిని పక్కింట్లోకి మార్చేయాలి. ఎలా మార్చాలో ఇంకా తట్టలేదు. తట్టేలోగా లారీ వచ్చింది.

ఆయన వీధిలోకి పరిగెత్తి డ్రైవరుతో, "బాబ్బాబు, ఊళ్ళోకి పోయి టిఫిను చేసి రండి, తొందరేం లేదు" అన్నాడు. టిఫిను అయిపోయిందన్నాడు డ్రైవరు. మళ్ళీ తినమన్నాడు మూర్తి. ఇదేదో తేడాగా ఉందని డ్రైవరు పరమేశ్వరికి ఫోను చేశాడు. "ఇక్కడే, ఇక్కడే! ఆవు ఉన్న ఇల్లు!" అని ఆవిడ గుమ్మంలోంచి చెయ్యి ఊపింది.

సోఫా దిగింది. ఫ్రిజ్ దిగింది. బట్టలుతికే మిషను, బీరువా, ఊయల దిగాయి. ఒక్కొక్కటీ తన గడప దాటి లోపలికి పోతుంటే సూర్యనారాయణ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత మెల్లగా మూర్తి దగ్గరికి వచ్చాడు.

"ఇదంతా ఏటి బావా?"

మూర్తి లారీ వైపు చూశాడు. ఇటు నిజం చెబితే అటు భార్య పోతుంది. అబద్ధం చెబుదామంటే ఉన్నవన్నీ అయిపోయాయి.

"మాకేనా?" అన్నాడు సూర్యనారాయణ.

మూర్తి తల ఊపాడో, అది దానంతటదే వణికిందో ఆయనకే తెలియదు. సూర్యనారాయణ కళ్ళు నిండిపోయాయి. గిరుక్కున తిరిగి వెళ్ళి, ఆవు పలుపు విప్పి తెచ్చి మూర్తి చేతికి చుట్టాడు.

"ఊరికే పుచ్చుకునే మనిషిని కాదు బావా నేను. లచ్చినీ దూడనీ నీకిచ్చేత్తన్నాను. కాదన్నావంటే నా మీదొట్టే!"

అలా, శాంతిగా బతుకుదామని వచ్చిన వెంకటరమణమూర్తి, ఎండెక్కేసరికి సొంత ఫ్రిజ్ పోగొట్టుకుని ఒక ఆవుకీ దూడకీ యజమాని అయ్యాడు. జేబులో టికెట్టు మాత్రం గరగరలాడుతూ తగులుతోంది.

లోపల అప్పలకొండమ్మ ఫ్రిజ్‌కి పసుపు రాసి బొట్లు పెట్టింది. పరమేశ్వరి మురిసిపోయింది. అప్పలకొండమ్మ ఫ్రిజ్ తలుపు తీసి పెరుగు కుండ పెట్టింది. పరమేశ్వరి మురవడం కొంచెం తగ్గింది. ఆ తర్వాత అప్పలకొండమ్మ నూకాలమ్మ పటం తెచ్చి దేవుడి గూట్లో మధ్యన నిలబెట్టి, పరమేశ్వరి పెట్టిన వాసవీమాత పటాన్ని కొంచెం పక్కకి జరిపింది. పరమేశ్వరి దాన్ని మళ్ళీ మధ్యకి జరిపింది. అప్పలకొండమ్మ మళ్ళీ పక్కకి జరిపింది.

"వదినగారూ, దేవుడి గూడు విషయంలో మాత్రం..." అంది పరమేశ్వరి, నవ్వు అలాగే ఉంచి.

"నానూ అదే అంతన్నానమ్మా" అంది అప్పలకొండమ్మ. నవ్వు అక్కడా అలాగే ఉంది.

సరిగ్గా అప్పుడే బిల్డరు దగ్గర పనులు చూసే పైడిరాజు, చేతిలో మిఠాయి పొట్లంతో గుమ్మంలోకి వచ్చాడు. మూర్తి చేసిన సైగలన్నీ చూసి, దోమలు తోలుకుంటున్నాడనుకున్నాడు.

"శుభాకాంక్షలు సూర్నారాయణ గారూ! అరె, మూర్తిగారు కూడా ఇక్కడే ఉన్నారేటి? మీ ఇంటికి ఎల్లొత్తన్నాను సారూ, తాళమేసుంది. మీ గుమ్మం ముందు కంకర అడ్డమని నిన్న ఇటుపక్క పోయించేసేనులెండి. మీరింకా పాలు పొంగించలేదా?"

సోఫాలో కూర్చున్న సూర్యనారాయణ, అది తనది కాదని అర్థమై చటుక్కున లేచి నిలబడ్డాడు.

"మరి తాళం ఎలా తెరుచుకుంది?" అంది పరమేశ్వరి నెమ్మదిగా.

"ఇళ్ళన్నిటికీ ఒకటే తాళమండి. పనోళ్ళకి సులువని. మార్పించెయ్యమని అందరికీ సెప్పాలనుకుంతన్నాను" అన్నాడు పైడిరాజు.

పరమేశ్వరి భర్త వైపు తిరిగింది. "ఇది మన ఇల్లు కాదా?"

"కాదు."

"మీకెప్పుడు తెలిసింది?"

"మొక్కకి నీళ్ళు పోద్దామని వెళ్ళినప్పుడు." చూపించబోయి ఆయన పెరటి వైపు చెయ్యి చాపాడు. ఆయన పెరట్లో కట్టేసిన లచ్చి గోడ మీంచి మెడ చాచి అప్పటికే కరివేపాకు మొక్కని పూర్తిచేసి, ఎర్ర రిబ్బను నములుతోంది.

"అయితే మా పేరున పొంగించలేదా?" అంది అప్పలకొండమ్మ. ఆవిడ గొంతులో కోపం కంటే ఏడుపు ఎక్కువ ఉంది. అది మూర్తికి సూదిలా గుచ్చుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషిని పొద్దున్నే సంతోషపెట్టి, ఎండెక్కేసరికి ఏడిపించాడు.

"టికెట్టు ఇలా ఇవ్వండి" అంది పరమేశ్వరి.

మూర్తి లెక్క వేసుకున్నాడు. తనకి ఇల్లు మిగులుతుంది. తలుపు మిగులుతుంది. ఎవరూ కొట్టరు. లోపల ఆవిడ ఉండదు. ఇన్నాళ్ళూ తను కోరుకున్నది ఎంత భయంకరమైన నిశ్శబ్దమో ఆయనకి ఇప్పుడు తెలిసింది. జేబులో చెయ్యి పెట్టాడు గానీ టికెట్టు బయటికి తీయడానికి చెయ్యి రాలేదు.

ఈలోగా సూర్యనారాయణ ముహూర్తం పెట్టిన పంతులుగారికి ఫోను కలిపి, జరిగింది చెప్పి, స్పీకరు పెట్టాడు. పంతులుగారు ఇంకో గృహప్రవేశంలో ఉన్నారు. మంత్రాల మధ్య సందు చూసుకుని తీర్పు చెప్పారు.

"పాలు పొంగినచోట లక్ష్మి వచ్చేసిందయ్యా. ఇక వెనక్కి పొమ్మనడానికి లేదు. పొంగించినవాళ్ళూ, ఇల్లుగలవాళ్ళూ కలిసి అక్కడ మూడు నిద్రలు చెయ్యండి. ఆ తర్వాత రెండో ఇంట్లో పాలు పొంగించి, అందరూ అక్కడ మూడు నిద్రలు చెయ్యండి. ఈలోగా వీళ్ళలో ఎవరు ఊరు దాటినా రెండిళ్ళకీ దోషమే. ఉంటాను, హారతి వేళయింది."

అప్పలకొండమ్మ రెండు చేతులతో పరమేశ్వరి చెయ్యి పట్టుకుంది. "ఒదినా, తప్పెవరిదైనా పాలు నీ సేతుల మీద తూర్పుకి పొంగినాయి. నువ్వెల్లిపోతే ఆ మంచి కూడా ఎల్లిపోతాది. ఉండిపో ఒదినా. గూట్లో మజ్జిన మీ అమ్మోరే ఉంటాదిలే."

పరమేశ్వరి ఆవిడ చేతుల వైపు చూసింది. తర్వాత, అందరూ ఆశ్చర్యపోయేటట్టు, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"హైదరాబాదులో మా ఎదురు తలుపావిడ పేరు నాకు ఈ రోజుకీ తెలీదు వదినా. నువ్వేమో వచ్చిన గంటలో నా పొయ్యి తిప్పేశావు!"

"నా పొయ్యే అనుకున్నానొదినా!" అని అప్పలకొండమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ పేడ పక్కనే చతికిలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

మూర్తికి ప్రాణం లేచొచ్చింది. అది కూడా కాసేపే ఉంది.

మధ్యాహ్నానికి మాకవరపాలెం నుంచి సూర్యనారాయణ చుట్టాలు రెండు ఆటోల నిండా దిగారు. వాళ్ళందరికీ మూర్తి బావే. వంకాయ కూర ఉడుకుతుండగానే వదినలిద్దరూ కలిసి, రెండు పెరళ్ళ మధ్య గోడ అనవసరమని తేల్చేశారు. కొట్టించడానికి పైడిరాజు మనుషుల్ని పంపుతానన్నాడు. ఆవుని వెనక్కి తీసుకోమని మూర్తి బతిమాలితే సూర్యనారాయణ చెవులు మూసుకున్నాడు.

"ఇచ్చిన ఆవుని మళ్ళీ తోలుకెల్లడం మా ఇంటా వంటా లేదు బావా. పొద్దున్నా సాయంత్రం పాలు తియ్యడానికి నేనే వత్తానులే. నువ్వు తలుపు తీసి ఉంచు సాలు."

మూర్తి భార్యని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆవిడ ఊయల మీద కూర్చుని, నలుగురు కొత్త ఆడపడుచులకి భజన పాట నేర్పిస్తోంది.

"పరమేశ్వరీ, ఈ నిద్రలన్నీ అయిపోయాక మన తలుపు మనం వేసుకుందాం కదా?" అన్నాడు దీనంగా.

"తలుపెందుకండీ? తాళం అన్నిటికీ ఒకటేగా!"

ఆయన పెరట్లోకి వెళ్ళి లచ్చి పక్కన రాయి మీద కూర్చున్నాడు. లోపల ఎవరో ఏదో దంచుతున్నారు. "బావా" అని ఒక గొంతు, "బావా" అని ఇంకో గొంతు ఆయన కోసం వెతుకుతున్నాయి. మూర్తి జేబులోంచి టికెట్టు తీశాడు. రేపటి బండి. కిటికీ పక్క బెర్తు. రాత్రంతా రైలు చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. దోషం ఎలాగూ తనని వదలదు, వెళ్ళి నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుని వస్తేనేం అని మనసు లాగింది. దోసిట్లో పెట్టుకుని, ఆ కాగితాన్ని మొదటిసారి పైనుంచి కింద దాకా చదివాడు.

అడుగున, చిన్న అక్షరాల్లో, లేడీస్ కోటా అని ఉంది.